ఇరవై నాలుగడుగుల పడవకి ఒక గొంతు

రిచీ స్ట్రీట్‌లో వాన గుంటలు దాటుకుంటూ
మూడో అంతస్తు కొట్టెక్కాం, నేనూ దొరసామి గారూ.
మెట్ల పొడుగునా కరిగిన సీసం వాసన.
అద్దాల బీరువా మీంచి తలెత్తకుండానే
కాదర్ మొహిదీన్ అడిగాడు: "ఎంత దూరం పోవాల?"
రాయపురం నించి పోర్ట్‌బ్లెయిర్, అన్నాను
మధ్యలో నీళ్ళే లేనంత తేలిగ్గా.
"ఏడొందల ముప్ఫై చిల్లర. సముద్రపు మైళ్ళు,"
దొరసామి గారు సరిదిద్దారు.

ముందు వీహెచ్‌ఎఫ్ తీశాడు. గుప్పిట్లో ఇమిడే పసుపు డబ్బా.
లైట్‌హౌస్ మునిగిన కాసేపటికే దాని గొంతూ మునుగుతుంది.
భూమి గుండ్రంగా ఉందని
ఇంత కచ్చితంగా నాకెవరూ చెప్పలేదు.
సరే, అదొకటి కట్టమన్నాం,
పెద్ద ఓడలు చూడక తొక్కేయకుండా.

శాటిలైట్ ఫోను మాత్రం బయటికి తీయలేదు,
మాటల్లోనే చూపించాడు.
"అనుమతి లేకుండా ఇది పడవలో దొరికిందనుకో అక్కా,
నిన్ను కాపాడే బోటు కన్నా ముందు
పోలీసు బోటొస్తుంది."
కాగితాలు ఢిల్లీ వెళ్ళి తిరిగొచ్చేలోగా
ఈ ఏటి గాలి వెళ్ళిపోతుంది.

ఆ తరవాత గోనెపట్టా తీశాడు.
విరగ్గొట్టిన ఏదో ఓడలోంచి వచ్చిన హెచ్‌ఎఫ్ సెట్టు,
పదకొండు కిలోలు, మూల సొట్ట.
దొరసామి గారు దాని పెద్ద గుండీని
సగం చుట్టు తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి,
చెయ్యి అక్కడే ఉంచేశారు.
ఇరవై రెండేళ్ళు ఓడల్లో వైర్‌లెస్ గదిలో కూర్చున్న మనిషి.
ఒకరోజు గది ఉంది, కుర్చీ లేదు.

"దీనికీ కాగితం కావాల," అన్నాడు కాదర్,
"కానీ పరీక్ష రాస్తే వస్తుంది."
వెనక తాడు స్థానంలో తీగ, రెండు చోట్ల పింగాణీ గుడ్లు,
అడుగున రాగి రేకు, దాని కింద సముద్రం.
ఉప్పునీళ్ళ కన్నా మంచి ఎర్త్
ఏ మేడకీ లేదన్నారు దొరసామి గారు,
సొంత ఆస్తి గురించి చెప్పుకున్నట్టు.

నేను అట్ట వెనక లెక్కలేశాను.
మాట్లాడితే ఇరవై ఆంపియర్లు.
మా సోలార్ పలక ఈతచాపలో సగం.
పది నిమిషాల కబుర్లకి ఆ రాత్రి స్తంభం మీద దీపం ఉండదు.
మా అమ్మ టెలిగ్రాం ఫారం మీద
ఒక్కో మాటా వేలితో లెక్కపెట్టి కొట్టేసేది.
"క్షేమం" ఉంచేది. "మేమందరం" తీసేసేది.

"అంత బరువెందుకు మోస్తావు?
ఓ ఏడాది ఆగు, ఫోనే తెచ్చుకో," అని,
బేరం కోసం కాదు, ఊరికే అడిగాడు కాదర్:
"నడిసముద్రంలో రాత్రి రెండింటికి
ఫోనుంటే ఎవరికి చేస్తావక్కా?"

నాకు కంఠతా వచ్చిన నంబరు
గ్యాస్ ఏజెన్సీది ఒక్కటే.

సెట్టుకి నంబరక్కర్లేదు.
ఎవరు మేలుకుని ఉంటే వాళ్ళు.
ఎవరూ మేలుకోకపోతే, మరి, ఎవరూ లేరు.
అది కూడా ఆలోచించాను. ఆలోచించాకే డబ్బిచ్చాను.

ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాం.
కాశిమేడు గోడకి కట్టిన పడవలో,
చేపల లారీలు వెళ్ళిపోయాక, తీగ తగిలించి తిప్పాం.
చాలాసేపు నూనెలో ఆవాలు.
ఏదో భాషలో ఒకతను అంకెలు చదువుతున్నాడు.
మళ్ళీ ఆవాలు.
ఆ కింద సన్నగా, ముక్కుతో, నెల్లూరు యాసలో:
"మా పక్క గాలి ల్యా. మీ పక్క ఉండాదా?"

నేను మైకు అందుకున్నాను.
దొరసామి గారు మణికట్టు పట్టుకున్నారు.
పరీక్ష ఇంకా మూడు వారాలుంది.
వినడం వరకే.

అతను మళ్ళీ అడిగాడు. ఎవరూ పలకలేదు.
ఉంది, అన్నాను మీట నొక్కని మైకులో,
దక్షిణం నించి. కొంచెం.

తరవాత బ్యాటరీ చూశాను.
పన్నెండు పాయింట్ నాలుగు.