ఉలవ చేలో

ఇంజను దగ్గు నాకు తెలుసు.
ముప్పయ్యేళ్లుగా చీపురుపల్లి చుట్టూ
పంపుసెట్లు విప్పుతున్న చెవి ఇది.
ఆవేళ దగ్గు పైనుంచి వినబడింది.
ఒకటి, రెండు, ఆగి, ఇంకొకటి.
ఆయిలు పోతోంది అనుకున్నాను.
ఆ తర్వాత చప్పుడే లేదు.
కాకి నీడంత నీడ
పెద్దదవుతూ చేలమీదికొచ్చింది.

పారమ్మ ఉలవ చేను. కోతకింకా పది రోజులు.
తీగలన్నీ చక్రాలకి చుట్టుకుని
గట్టుకి ముక్కానించి ఆగింది విమానం.

దిగిన పిల్లకి ఇరవై ఉంటాయో లేవో.
"సారీ అమ్మా, మీ పంట" అంది ముందు.
పారమ్మ పంటకేసి చూడలేదు.
"సేతులు సూడు ఎలగొణికిపోతన్నాయో,
కూకో గుంటా" అంటూ
చోడంబలి సీసా మూత తీసింది.

నేను రెంచీతో రెక్క కింద నిలబడ్డాను.
రేకు మీద నల్లటి చార, ఇంకా వేడి.
వేలికి రాసుకుని వాసన చూశాను.
మన పంపుసెట్టు వాసనే.
ఎస్సైగారొచ్చి దూరం పొమ్మన్నారు.
పోయాను.

మూడోరోజు రెక్కలు ఊడదీసి
లారీలో వేసుకుపోయారు.
నన్నెవరూ అడగలేదు గానీ
పైపు బిగింపు దగ్గర వాషరది.
రూపాయిన్నర.

అప్పట్నించీ ఒకటి
చొక్కా జేబులోనే ఉంచుకుంటున్నాను.