ఇంటిపేరు

కళింగపట్నం లైట్‌హౌసు కింద
ఇసకలో పడుందొక డాల్ఫిన్, వీపు మీద చిన్న మూపురంతో.
కాకులు అప్పటికే ఒక కన్ను తీసేశాయి.

గోరంత చర్మం కోసి సీసాలో వేస్తుంటే
మైలపల్లి దానయ్య ఐసుపెట్టె మూత ఎత్తి పట్టుకున్నాడు.
"సచ్చినదానికి వైద్యమేటమ్మా?"

వైద్యం కాదు తాతా, ఇంటిపేరు అడుగుతున్నా.
తల్లి, తల్లికి తల్లి, ఆ పైన
నీళ్లు చల్లగా ఉన్న కాలం దాకా
ఈ ముక్కలో రాసి ఉంటుంది.

నాలుగు నెలలకి కాగితం వచ్చింది.
వలల పక్కన కూచుని చదివి చెప్పాను:
వంశధార మొగ దగ్గర దొరికిన ఆరింటికీ
ఒక్కతే అమ్మమ్మ.
నీరు వేడెక్కి కవ్వలు లోతుకి పోయాయని,
వాటి వెనక మంద చీలిందని,
మిగిలినవి మొగ వదల్లేదని
మా ఊహ. ఊహే, ఇంకా.

దానయ్య వల కన్నంలో వేలు పెట్టి
చాలాసేపు మాట్లాడలేదు.
"అయితే అన్నీ మేనరికాలే.
సమందం కలుపుకోడానికి
పక్కూరు నేదు దానికి."

ఆయన పెళ్లాం సొంత అక్క కూతురే.
పెద్దపిల్ల నూకాలుకి వినపడదు.
వల అల్లే సూది ఆపి
నా పెదాల వంకే చూస్తోంది,
మళ్లీ చెప్పమన్నట్టు.