కొసరు

డబ్బా మీద చిన్నక్షరాల్లో రాసుంది:
రంగు నూరు, హార్డెనర్ ఇరవై మూడు. తూకంలో.
ఇరవై కాదు, పాతిక కాదు.
ఆ మూడు ఎవరి పట్టుదలో!

బెలార్మీనో మామ చదివించుకుని నవ్వాడు.
"నాలుగు గరిటెలకి ఒకటి. నలభై ఏళ్లుగా
ఈ దల్కావే రేవులో పడవలన్నీ అలాగే తేలాయి."
తేలాయి, నిజమే.
ఒకటి మాత్రం ఆరలేదు.

పోయిన చలికాలం, తన సొంత పడవకే
చేతి అంచనాతో కలిపి పూసిన పసుపు
వారమైనా వేలికి అంటుకుంది, నెలైనా అంటుకుంది.
వాన తెరిపిచ్చిన రోజు ఈగలు వాలాయి, లేవలేదు.
సీగల్ ఈక ఒకటి కుడి అంచున దిగబడింది.
ఎవరూ పీకలేదు.
షెడ్డు చూరు కింద ఆ వైపు చూడకుండా నడవడం
మామ నేర్చుకున్నాడు.

అందుకే రొట్టెలమ్మే ఓతీలియా దగ్గర
తూకం అరువు తెచ్చాను. అంకెల కింద సందుల్లో
ఇంకా మైదా.
ముందు పుల్ల మీద గీతలు పెట్టి చూశాలెండి;
పైకి వెడల్పయ్యే గ్లాసులో
అడుగున వేలెడూ పైన వేలెడూ ఒకటి కావు.

నాకు కావలసింది నూట ఎనభై గ్రాములు,
'లా పోర్ఫియాదా', అంటే మొండిది,
దాని ఎడమ పక్కబల్లకి ఒక్క పూత.
అట్టముక్క మీద లెక్క: నూట నలభై ఆరు, ముప్పై నాలుగు.
తలుపు మూశాను, గాలి తగిలినా అంకె కదులుతుంది.
గ్లాసు పెట్టి సున్నా చేశాను.
రంగు చిక్కటి జావలా దిగింది, చివర్లో చుక్కలుగా.
నూట నలభై ఆరు. మళ్లీ సున్నా.

హార్డెనర్ నీళ్లలాంటిది, మాట వినదు.
ముప్పై. ముప్పై రెండు.
"అయ్యిందా, నోల్ఫా?" తలుపు తోసుకుని మామ.
ముప్పై ఏడు.

పాలలో పడ్డ నీళ్లని ఎవరు తీయగలరు?
అట్టముక్క తిప్పి రాశాను:
ముప్పై ఏడుకి రంగు నూట అరవై ఒకటి.
ఇంకో పదిహేను.
భుజం మీదుగా చూస్తున్న మామ ఏమీ అనలేదు.
డబ్బా తనే అందుకున్నాడు.
నలభై ఏళ్ల గరిటె చేయి
యాభై ఒకటికీ యాభై రెండుకీ మధ్య
ఊపిరి బిగబట్టింది.

అంచులు గీకి, అడుగు గీకి కలిపాం.
గ్లాసు వెచ్చబడకముందే పూత అయిపోవాలి.
అయింది. అడుగున పసుపు మిగిలింది,
పద్దెనిమిది గ్రాములు,
సంతలో దోసిట పడ్డ కొసరులా.

మామ చిన్న బ్రష్ అడిగాడు.
చూరు కింద తన పడవ కుడి అంచున
అరచేయంత మేర, చెక్క కనబడేదాకా
ఎప్పుడు గీకి పెట్టుకున్నాడో!
ఈక చొక్కా జేబులో ఉంది.

తెల్లారి నాకంటే ముందే వెళ్లాడు.
కిటికీలోంచి చూశాను:
వేలు ఆనించాడు, తీశాడు, వేలు చూసుకున్నాడు.
మళ్లీ ఇంకో వేలు.