పడిన కుట్టు

జూలై చలి. ఫుట్‌స్క్రేలో నా కుట్టు షాపుకి
"మధ్యాహ్నం తెరుస్తాను" అని అట్ట తగిలించి
ఇక్కడికొచ్చి కుర్చీలో వాలాను,
రెండు చేతులకీ రెండు సూదులు.
సూది నాకు కొత్త కాదు.
ఇలా కదలకుండా ఉండటమే కొత్త.

ఒక చేతినుంచి రక్తం వెళ్తుంది.
యంత్రం దాన్ని గిరగిరా తిప్పి
తెల్లకణాలు ఉంచుకుని
మిగతాది రెండో చేతికి తిరిగిచ్చేస్తుంది,
చల్లగా, అరువు తెచ్చుకున్న గిన్నె కడిగిచ్చినట్టు.
పెదాలు తిమ్మిరెక్కాయంటే
నర్సు స్తావ్రూలా కాల్షియం బిళ్ళ నమలమంది.
తమలపాకు లేని సున్నం.

ఎలా వచ్చిందని అడగని చోటు ఇదొక్కటే.

తొంభై ఎనిమిదిలో రోజుకి పదిహేడు మాత్రలు.
పరగడుపున కొన్ని, తిన్నాక కొన్ని,
ఫ్రిజ్‌లో పెరుగు వెనక దాచినవి కొన్ని.
బుగ్గలు లోపలికి పోయాయి.
నా జాకెట్లు నేనే బిగించుకున్నాను, మూడుసార్లు.
ఇప్పుడు రాత్రి తొమ్మిదికి ఒక్కటి, చిక్కుడుగింజంత.
ఆర్నెల్లకోసారి రిపోర్టు: కనబడటం లేదు.
నా పక్కన పడుకునే మనిషికి నానుంచి రాదు.
ఆ మాట చెప్పడానికి డాక్టరుకి అర నిమిషం పట్టింది,
నమ్మడానికి నాకు నాలుగేళ్ళు.

కనబడటం లేదు.
లేదు.
ఈ రెంటికీ మధ్య ఒక్క మాట తేడా.
ఆ మాట కోసమే ఈ మూడు గంటలు.

కీరన్ అని కుర్రాడు, పరిశోధన చేస్తున్నాడు,
కాగితం మీద బొమ్మలు గీశాడు.
నాకు నా పనిలోనే అర్థమైంది:
అది కణంలో దూరి, తన దారాన్ని తిరగేసి,
మన దారంలా మార్చుకుని
మన బట్టలోనే కుట్టేసుకుంటుంది.
మందులు ఆ సూదిని పట్టుకుంటాయి,
ఇంకో కుట్టు పడనివ్వవు.
పడినదాన్ని విప్పలేవు.

ఏ బట్టలో అంటే,
ఒకసారి చూసిన జబ్బుని ఏళ్ళతరబడి
గుర్తుంచుకోవడమే పనైన కణాల్లోనట.
నాకు ఏడో ఏట ఆటలమ్మ పోసింది.
అమ్మ వేపరెమ్మతో నిమిరిన ఆ పదకొండు రోజుల్ని
ఇంకా మోస్తున్న కణం ఏదో ఉంటుంది కదా,
దాని మడతలోనే పడుకుందేమో ఇది.
ఏ పనీ చెయ్యదు, మందుకి చిక్కడానికి.
కణం రెండైతే తనూ రెండవుతుంది.
నివురుగప్పిన నిప్పు అని రాయబోయాను.
కాదు. నిప్పైతే చెయ్యి దగ్గర పెడితే తెలుస్తుంది.

"లేపి చంపుదామని చూశారు," అన్నాడు కీరన్.
"కొన్ని లేచాయి. చావడమే..."
తనే పరీక్ష తప్పినట్టు తల దించుకున్నాడు.
మజ్జ మార్పించుకుని బయటపడ్డవాళ్ళున్నారట,
వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది.
వాళ్ళకి ముందు కాన్సర్ వచ్చింది కాబట్టి.
అంత అదృష్టం పగవాడిక్కూడా వద్దు.

నేనొకసారి మానేశాను, రెండువేల ఆరులో.
పెద్ద కారణమేం లేదు. విసుగు.
నెల తిరక్కుండా లెక్క ముప్పైవేలు దాటింది.

సంచి నిండింది, గంజిలో కుంకుమ పడ్డ రంగు.
"ఇందులో ఉందా?"
"ఉండాలి. పది లక్షల్లో ఒకటో రెండో."
వెలుతురుకి ఎత్తి చూపించమన్నాను.
నల్లగుడ్డ మీద నల్లదారం పట్టుకునే కళ్ళు నావి.
నాకూ కనబడలేదు.

షాపు తెరిచేసరికి రెండు దాటింది.
అకోల్ అప్పటికే మెట్టు మీద కూర్చుని ఉంది.
స్కూలు స్కర్టు, అంచు విప్పి పొడవు చెయ్యాలి.
విప్పాను. కొత్త అంచు వేశాను.
పాత మడత గీత మాత్రం ఇస్త్రీకి పోలేదు,
నీళ్ళు చల్లి రుద్దినా, వెనిగర్ రాసినా.
"ఇది ఉండిపోతుందమ్మా," అన్నాను.
ఆ పిల్ల ఒకసారి చూసి, నడుముకి పెట్టుకుని,
మోకాలు దాటిందో లేదో వంగి చూసుకుని
బస్సు కోసం పరిగెత్తింది.
డబ్బులు అడగడం మర్చిపోయాను.