మడతలో రెండంగుళాలు

పలమనేరులో గుడియాత్తం రోడ్డు,
పంచరు అంగడి పక్కన నా మిషను.
ముప్పై ఒక్క ఏండ్లుగా బడి పావడలు కుడతా ఉండా.
ప్రతి పావడ అంచునా
రెండంగుళాలు లోపలికి మడుస్తా,
పిల్ల పెరిగేకొద్దీ విప్పుకోవచ్చునని.

ఆ మడత ఒకప్పుడు మూడేండ్లు వచ్చేది.
గుడ్డ వెలిసిపోయినా మడత మిగిలేది.
విప్పితే లోపల ముదురు నీలం గీత,
వాన పడిన మర్నాడు కొండ అంచు మాదిరి.

ఇప్పుడు ఆగస్టుకే తిరిగొస్తారు.
"అక్కా, మడత అయిపాయ."

అట్టలూడిన కొలతల బుక్కులు తొమ్మిదుండాయి నా కాడ.
ఐదో తరగతి పిల్లల పేర్ల పక్కన
అంకెలు ఏడాదికింత పైకి జరుగుతానే వచ్చినాయి.
రాసింది నేనే. చదువుకోలేదు.

మా వీధికి మాత్రం కారణాలన్నీ తెలుసు.
బాయిలరు కోడి, అంటుంది కాంతమ్మక్క.
పాకెట్టు పాలు, అంటాడు పాలకేంద్రంలో పనిచేసే ఆమె తమ్ముడే.
బడి గేటు కాడ పఫ్ఫులు, రంగునీళ్ళు,
టమాటాలకి కొట్టే మందు, చేతిలో ఫోను.
వారమంతా కోడిని తిట్టి
ఆదివారం ఆ అంగడి ముందరే వరస కడతారు.

నేను పెద్దమనిషయ్యేసరికి పదహారు నిండినాయి.
మా యమ్మ గొప్పగా చెప్పుకునేది:
"సంగటి తిన్న ఒళ్ళు మే, నిదానం, గట్టిది."
మొన్నటిదాకా నేనూ అదే చెప్పేదాన్ని,
నా మనవరాలు మోక్షితకి
పది నిండకనే వచ్చేదాకా.

చిత్తూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
ఎత్తు చూసింది, బరువు చూసింది,
ఏమేం తింటుందో అడిగి రాసుకుంది.
"ఒక్కదాని మీదే నేరం మోపలేమమ్మా,
తిండి, బరువు, మీ ఇంటి ఒడ్డూపొడుగూ అన్నీ కలుస్తాయి."
నా దిక్కు తిరిగి, "మీకెప్పుడు?" అంది.
పదహారు, అన్నా, కొంచెం నిక్కుతా.
"అప్పుడేం తినేవాళ్ళు?"

నోరు పెగల్లేదు.

వరసగా కరువులు. పొద్దున సంగటి నీళ్ళు.
చెనిక్కాయలు వొలిచే కూలికి పోతే
నోట్లో వేసుకోకుండా మేస్త్రి పాటలు పాడించేవాడు.
ఇంట్లో అన్నకు గుడ్డు,
నాకు దాని పెంకు వొలిచే పని.

నా ఒళ్ళు ఆగింది గట్టిదై కాదు.
పెట్టేదానికి ఏమీ లేనింట్లో
చుట్టమొస్తే తలుపు తియ్యనట్టు
గడియ పెట్టుకుని కూర్చుంది.
దీనికేమో తలుపు బార్లా తెరిచుండాది.
చుట్టం తెల్లారకముందే దిగింది,
పిల్ల ఇంకా నిద్ర లేవలేదు.

కాంతమ్మక్క చిమ్మిలి దంచుకొచ్చింది.
పందిరెప్పుడు, ఫ్లెక్సీ ఎంత పొడుగు, అని అడిగింది.
నా కూతురు నాగవేణి నా మొగం చూసింది.
ఏమీ లేదక్కా, అన్నా. సోమవారం బడికి పోతుంది.

మోక్షిత చిమ్మిలి తిని వేళ్ళు నాకింది.
"నెలనెలా చేస్తారా అవ్వా దీన్ని?"
ఆనక గొంతు తగ్గించి,
"ఖోఖోకి పోవచ్చు కదా?"

పో.

రాత్రికి అలసందలు నానబోసినా.
ఆ మిక్చరు పొట్లాలు ఇంట్లోకి రానీను, సరే.
కానీ నా పదహారును దానికి పెట్టను.
నేను పడిన ఆకలిని
పథ్యమని చెప్పి దాని కంచంలో వెయ్యను.

దాని పాత పావడ తిరగేస్తే
అంచులో మడత ఎప్పుడో అయిపోయుండాది.
జేబులో ఏదో గలగలమంది.
అచ్చనగండ్లు. ఐదు. ఒకటి పటికరాయి.
మిషను పలక మీద వరసగా పెట్టి
కొత్త గుడ్డ పరిచినా.

ఈసారి అంచు తర్వాత చూసుకోవచ్చునని
ముందు జేబు కుట్టినా,
కొంచెం లోతుగా.