దర్శనం లేని నడక

కల్వకుర్తిల అచ్చంపేట రోడ్డు మీద
రేకుల షెడ్డు నాది.
కాలిపోయిన మోటర్లు నా దగ్గరికొస్తయి,
ఒక్కోటి వెనక ఎండుతున్న మడినొకదాన్ని
తోలుకొని.

ఎండకాలమొస్తే షెడ్డు ముంగట కుప్ప.
సుద్దతో రాసిన పేర్లు
చేతుల చెమటకే చెరిగిపోయేటియి.
ఒకసారి ఉప్పునుంతల నిరంజన్ మోటరు
వంగూరోళ్ల బోర్ల దిగింది.
రెండూళ్ల తిట్లు ఒక్క ఫోన్ల తిన్న.

ఇరవై ఆరేండ్ల చెయ్యి నాది.
కండ్లు మూసుకొని చుట్లు లెక్కపెడత.
అసోంటి నా మీదికి
బ్యాంకోళ్లు ఒక పిల్లను తోలిండ్రు.
నుజహత్. పాలమూరు రామయ్యబౌలి కెల్లి.
"పనితీరు చూసి చెప్తది" అన్నరు.
లోపల నవ్వుకున్న:
రాగితీగ గేజీ తెల్వని పిల్ల
నా పనితీరు చూస్తదా?

మొదటిరోజు ఏం చెప్పలే.
వార్నిష్ డ్రమ్ము బోర్లేసుకొని కూసున్నది.
రెండోనాడూ అంతే.
నోటుబుక్కుల గీతలు, గీతల మీద గీతలు.
"అన్నా, బొమ్మలేస్తున్నది"
కుర్మయ్య నా చెవుల ఊదిండు.

మూడోనాడు చాయ్ తాగుతుంటె అడిగింది,
"తీగచుట్టలు వెనక అర్రలెందుకు పెట్టిండ్రు చాచా?"
ఎందుకంటె, మా నాయిన పెట్టిండు.
అప్పుడు ముంగట తలుపు లేకుండె. దొంగల భయం.
"ఇప్పుడు షట్టరున్నది కద?"
ఉన్నది.
షట్టరు పెట్టి పదకొండేండ్లాయె.

నోటుబుక్కు నా దిక్కు తిప్పింది.
బొమ్మ కాదది. నా అడుగులు.
తీగకొకసారి, వార్నిష్‌కొకసారి,
బేరింగులకు రోడ్డు దాటి,
చిల్లరకు ఇంట్లకు,
ఎవరన్న ఫోన్ చేస్తే కుప్పల దేవులాడనీకి.
"రోజుకు ఐదు కిలోమీటర్లు చాచా, ఈ షెడ్డులనే.
నెలకోసారి శ్రీశైలం నడిచిపోతున్నరు"
అని ఆగి,
"దర్శనం లేకుండ" అన్నది.

కుర్మయ్య పడి పడి నవ్విండు.
నాకు నవ్వు రాలే.
మోటరెందుకు కాలుతదో నన్నడుగుర్రి.
చుట్టంత తిరిగి పోవాల్సిన కరెంటు
ఏడనో ఒక తావుల అడ్డదారి దొరికి
అక్కడక్కడే తిరిగి తిరిగి ఉడికిపోతది.
బయటికి మాత్రం
మోటరు మోగుతనే ఉంటది.
నీళ్లు రావు.

ఇన్నేండ్లు
నేనూ మోగిన.

తర్వాత చేసింది పెద్దదేం కాదు.
తీగ ముంగటికొచ్చింది.
ట్రాలీ దిగంగనే మోటరు మెడల రేకు బిళ్ల,
నంబరు, ఊరు, తేది.
బేరింగులు సోమారమే వారానికి సరిపడ.
"ఐదైదు ఒక్కసారి విప్పకుర్రి,
ఒకటి అయినంకనే ఇంకోటి" అన్నది.
దీనికి మాత్రం కొట్లాడిన.
విప్పకుంటె రైతు పక్క షెడ్డుకు పోతడమ్మా,
విప్పి పెడితెనే మనదైనట్టు!
ఆమె ఏమనలే.
పేగులు బయటేసుకొని పడున్న
పద్నాలుగు మోటర్ల దిక్కు చూసింది.
నేనూ చూసిన.
పద్నాలుగు మడులు.

నాలుగొద్దుల పని ఒకటిన్నరకొచ్చిందని
నాకు లెక్క చెప్పింది ఆమె కాదు.
చారకొండ హుస్సేనమ్మ
సంచెడు పచ్చిమిరుపకాయలు బల్ల మీద కుమ్మరించి
"ఈపాలి తోట సావలే అన్నా" అన్నది.
గంతే. బిల్లు కన్న ఘాటుగుండె.

పోయేటప్పుడు ఆ గీతల కాగితం చింపిచ్చింది.
గల్లాపెట్టె మూతకు లోపలి దిక్కు అతికించిన.

ఇంకొక్క మాట.
కరెంటు పోయిన రాత్రుల
నా కాళ్లు నన్నడగకుండనే
వెనక అర్రలకు పోతయి.
చీకట్ల చెయ్యి చాపుత.
తీగ ఉండదు.
మా నాయిన కొట్టిన మేకు తగుల్తది.
జరసేపు పట్టుకొని నిలబడి
వస్త.

ఆ ఇరవై అడుగులు
నీ లెక్కల రాయకు బిడ్డా.