మూడుంబావు వెలుగు

డిసెంబరులో ఇక్కడి పొద్దు
ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్లిపోయే కూలీ.
మూడుంబావుకే గడ్డిమోపుల వెనక
సామాను సర్దుకుంటోంది.

చర్చి వెనక కంచెగేటు మీద
మోచేతులు ఆనించి హెస్టర్.
ముప్ఫై ఏళ్లు ఉత్తరాలు పంచిన కోటు.
చేతితొడుక్కి రెండు వేళ్లు కత్తిరించేసింది,
షట్టరుకొకటి, ముక్కు తుడుచుకోడానికొకటి.
కెమెరా బ్యాటరీని చంకలో పొదుగుతోంది,
ఈ చలికి అది కోడిగుడ్డు కన్నా సుకుమారం.

"నిన్న వచ్చిందా?" అన్నాను.
"మొన్న."
అంతే. ఫ్లాస్కు మూతలో టీ, నాకు సగం.

దున్నిన చాళ్లలో మంచు ఉప్పులా పేరుకుంది.
మట్టిగడ్డ అనుకున్నది
చెవులు నిక్కించి కుందేలయింది,
మనసు మార్చుకుని మళ్లీ మట్టిగడ్డయింది.
"దానివి నలభై ఫోటోలున్నాయి నా దగ్గర,
అన్నీ మట్టిగడ్డలే."

అప్పుడొచ్చింది.
చప్పుడన్నది లేదు.
గుడ్లగూబ అనే అనాలి గానీ
ఆ పేరులో ఉరిమే గుడ్లు దానికి లేవు,
నిలువునా కోసిన ఆపిల్ చెక్కలాంటి మొహం.
కంచె వెంట గడ్డిదుబ్బుల్ని
ఒక్కొక్కటే చదువుకుంటూ
మా తలల మీదుగా, అంత దగ్గరగా,
రెక్కల గాలికి టీ ఆవిరి పక్కకి ఒరిగింది.

షట్టరు మోగలేదు.
బ్యాటరీ ఇంకా చంకలోనే ఉంది.

నేను నాలిక కరుచుకున్నాను.
ఆవిడ మాత్రం ఫ్లాస్కు మూత బిగించి
చిన్న పుస్తకంలో పెన్సిలుతో రాసుకుంది:
మూడూ నలభై. పడమటి నుంచి. ఆకలితో.

కాసేపాగి
ఆ చివరి మాట కొట్టేసింది.
"అది నాకేం తెలుసని?"